212వ నంబరు పెట్టిన కాపలా

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట అందరూ అంటారని తెలుసు. కానీ నా సంగతి వేరు. పందొమ్మిదేళ్ళుగా నేను ఒక రెసిడెన్షియల్ స్కూల్లో హౌస్ మాస్టర్‌ని. ఇన్నేళ్ళలో నా కంటపడిన ప్రతి దెయ్యాన్నీ చొక్కా కాలర్ పట్టుకుని లైటు కిందికి లాగి చూశాను. ప్రతిసారీ అది పన్నెండో క్లాసు కుర్రాడే. దుప్పటి కూడా స్కూలుదే.

మా స్కూలు రాజమండ్రికి ఎగువన, గోదావరి గట్టు పక్కన ఉంటుంది. సైనిక పద్ధతిలో నడుస్తుంది. పిల్లల్ని క్యాడెట్లంటాం. ఆరో క్లాసులో చేరి పన్నెండు దాకా ఇక్కడే ఉంటారు. పొద్దున్నే పీటీ, ఆదివారం పరేడ్, చొక్కా జేబు మీద కుట్టిన నంబరు. అందరూ ఆర్మీ ఆఫీసర్లు అవుదామనే వస్తారు. కొద్దిమంది అవుతారు. మిగిలినవాళ్ళు జూనియర్లని ఏడిపించడంలో ఆరితేరి బయటికి పోతారు.

నేను ఫిజిక్స్ చెబుతాను. ప్రతి ఏడాదీ జులైలో ఒక ఆరో క్లాసు పిల్లాడు ల్యాబ్ గుమ్మంలో నిలబడి, "సార్, పన్నెండో క్లాసు అన్న అరకిలో వాక్యూమ్ తెమ్మన్నాడండి" అంటాడు. చేతిలో గిన్నె కూడా ఉంటుంది. ఇంకొకణ్ణి మెస్సులో వంటాయన దగ్గరికి పంపి, ఆయన్ని బ్రిగేడియర్ గారని నమ్మించి సెల్యూట్ కొట్టిస్తారు. వంటాయనా తక్కువ తినలేదు, గరిటె ఎత్తి తిరుగు సెల్యూట్ కొడతాడు. వీళ్ళకి బుద్ధి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

వీటన్నిటిలో నాకు ఒళ్ళు మండేది కాపలా. కొత్తగా చేరిన పిల్లాడి చేతికి ఒక కర్ర ఇచ్చి, ఏదో పనికిరాని వస్తువు ముందు నిలబెడతారు. విరిగిన బెంచీ, ఖాళీ డ్రమ్ము, ఒకసారైతే మెస్సులో మిగిలిపోయిన ఉప్మా గిన్నె. "నేనొచ్చి విసర్జన్ చెప్పేదాకా కదలకూడదు" అంటారు. విసర్జన్ అంటే పరేడ్ అయ్యాక ఇక వెళ్ళమని ఇచ్చే ఆర్డరు. కాపలా మనిషిని ఎవరు నిలబెడితే వాళ్ళే దింపాలనీ, మధ్యలో జనరల్ వచ్చి చెప్పినా కదలకూడదనీ, నిలబెట్టినవాడి పేరు ఎవరికీ చెప్పకూడదనీ నూరిపోస్తారు. చెవిలో ఒక రహస్య మాట చెబుతారు. తిరిగొచ్చి ఆ మాట చెప్పినవాడే దింపగలడు. పావుగంట పోయాక సీనియర్ వచ్చి, మాట చెప్పి, దింపి, క్యాంటీన్‌లో సమోసా కొనిపెడతాడు. సీనియర్‌కి గుర్తున్నంతవరకు అది సరదాగానే ఉంటుంది.

హౌస్ మాస్టర్‌నైన మొదటి వారమే దీన్ని నిషేధించి నోటీసు బోర్డులో పెట్టాను. మరుసటి ఏడాది ఆ నోటీసు బోర్డుకే ఒక పిల్లాణ్ణి కాపలా పెట్టారు.

ఇప్పుడు చెప్పబోయేది మొన్న ఆగస్టులో ఒక ఆదివారం జరిగింది. మా హౌస్ కెప్టెన్ కార్తీక్ వర్మ అని, పన్నెండో క్లాసు. భీమవరం వైపు రొయ్యల చెరువుల కుటుంబం. తెలివైనవాడు, ఆ తెలివంతా అల్లరికే వాడతాడు. కాపలా విషయంలోనే రెండుసార్లు నాకు దొరికాడు. మూడోసారి దొరికితే టీసీ ఇచ్చి పంపేస్తామని వాళ్ళ నాన్నగారి ఎదుటే సంతకం చేయించాం. అప్పటికి వాడు ఎన్డీయే రాతపరీక్ష పాసై ఉన్నాడు. ఆఫీసర్ల సెలక్షన్ ఇంటర్వ్యూకి వచ్చే నెలలో పిలుపు ఉంది. ఇప్పుడు టీసీ ఇస్తే వాడి పని అంతే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్కపెడితే ఒకడు తగ్గాడు. నూకరాజు, ఆరో క్లాసు. కాకినాడ అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పిల్లాడు. చేరి నలభై రోజులు కూడా కాలేదు. పొద్దున్న పరేడ్ అయ్యాక వాణ్ణి చూసినవాళ్ళు లేరు.

డార్మిటరీ వెతికాం, లైబ్రరీ వెతికాం, బాత్రూములు వెతికాం. తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే అందరి చూపూ గోదారి వైపు పోయింది. ఎగువన వానలకి ఎర్రనీళ్ళు గట్టు సగానికి వచ్చి ఉన్నాయి. పన్నెండో క్లాసు వాళ్ళందర్నీ లైన్లో నిలబెట్టి అడిగాను. నలభై మంది నలభైసార్లు "తెలీదు సార్" అన్నారు. వర్మ కళ్ళు కూడా ఆర్పకుండా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మిగతావాళ్ళని గట్టు వైపు పంపి నేను ఒక్కణ్ణీ ఆటస్థలం వెనకున్న పాత పంపు షెడ్డు వైపు వెళ్ళాను. అక్కడికి ఎవరూ వెళ్ళరు. తుప్పుపట్టిన ఆయిల్ ఇంజను, చుట్టూ తుమ్మ పొదలు. నేనెందుకు వెళ్ళానో కాసేపట్లో చెబుతాను.

నూకరాజు అక్కడున్నాడు. ఇంజను ముందు, కర్ర భుజాన పెట్టుకుని, సావధాన్‌లో. రెండు రోజులుగా చినుకు లేదు. ఆకు కదలని ఉక్క, నెత్తిన ఎండ. వాడి చొక్కా తడిసి ఆరి, వీపు మీద చెమట తెల్లగా ఉప్పు కట్టింది. పెదాలు పగిలిపోయాయి. టైము మూడు దాటింది. అంటే ఆరు గంటలకి పైగా నిలబడ్డాడు.

"నూకరాజూ, పద."

"కాపలాలో ఉన్నానండి."

"ఎవడ్రా నిన్ను పెట్టింది?"

"పేరు తెలీదండి. 212 అన్న."

మా స్కూల్లో నంబర్లు స్కూలు పెట్టినప్పటి నుంచీ వరసగా వస్తాయి. నూకరాజుది మూడు వేలు దాటిన నంబరు. 212 ఇప్పుడున్న ఏ పిల్లాడిదీ కాదు, ముప్పై ఏళ్ళ కిందట ఇదే స్కూల్లో చదువుకున్న నాది. మెస్సు వరండాలో మా బ్యాచ్ ఫోటో ఉంది, కింద పేర్లూ నంబర్లూ ఉన్నాయి. అంటే ఎవడో నా నంబరు జేబుకి కుట్టుకుని మరీ నన్ను వెక్కిరిస్తున్నాడన్నమాట. అంత తీరికా అంత పొగరూ ఎవరికుంటాయి?

వాచ్‌మన్ వీర్రాజుని కేకేసి వర్మని పిలిపించాను. వర్మ వస్తూనే "నేను కాదు సార్" అన్నాడు. చెంప మీద ఒకటి ఇచ్చాను. పందొమ్మిదేళ్ళలో పిల్లాడి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదటిసారి.

"విసర్జన్ చెప్పి వాణ్ణి దింపు," అన్నాను.

వర్మ చెంప పట్టుకునే చెప్పాడు. నూకరాజు కదల్లేదు. "మీరు కాదన్నా. మాట చెప్పాలి కదా," అన్నాడు.

"జైహింద్?" అన్నాడు వర్మ. "భారత్ మాతా? సార్, ఒట్టు సార్, నాకు నిజంగా తెలీదు."

వీర్రాజు వాణ్ణి ఎత్తబోయాడు. వాడు ఇంజను చక్రాన్ని రెండు చేతులతో వాటేసుకుని ఒక్కటే అరుపు. ఆ కాలిపోయే ఇనుముని పట్టుకుని వదలడే! కాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళు తేలేస్తున్నాడు. బలవంతంగా లాగితే అక్కడే పోయేలా ఉన్నాడు. నాకు కోపం, భయం, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి.

"ఆ 212 గాడు నీకేం చెప్పాడ్రా అసలు?"

"కొవ్వూరు మ్యాచ్‌కి వెళ్ళొస్తానన్నాడండి. ఈసారి మర్చిపోనులే అన్నాడు."

ఆ మ్యాచ్ నాకు తెలుసు. ఎలాగో చెప్పాలి. ఇప్పటివరకు నేనెవరికీ చెప్పని విషయం ఇది.

నేను పన్నెండో క్లాసులో ఉండగా సుధాకర్ అనే ఆరో క్లాసు పిల్లాణ్ణి ఈ పంపు షెడ్డు దగ్గరే కాపలా పెట్టాను. పావుగంటలో దింపుదామనే. ఇంతలో క్రికెట్ టీమ్ లారీలో కొవ్వూరు బయలుదేరుతోంది, ఒకడు తక్కువయ్యాడు, రారా అన్నారు. ఎక్కేశాను. మ్యాచ్ మధ్యలో వాన కమ్మేసింది. సుధాకర్ గుర్తొచ్చేసరికి సాయంత్రం, లారీ తిరుగు ప్రయాణంలో వంతెన మీద ఉంది. మేం వచ్చేలోపే ఎవరో చూసి వాణ్ణి ఎత్తుకొచ్చారు. రోజంతా వానలో నిలబడ్డాడు. నెమ్ము చేసింది. రాజమండ్రి ఆసుపత్రిలో వారం ఉంచి, వాళ్ళ నాన్నగారు టీసీ తీసుకుని తీసుకుపోయారు. ఎవరు నిలబెట్టారని స్కూలంతా అడిగారు. వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అందుకే నూకరాజు కనబడకపోతే నా కాళ్ళు అటు వెళ్ళాయి.

సుధాకర్ చెవిలో నేను చెప్పిన రహస్య మాట పొట్టెక్కలు. పనసాకు బుట్టల్లో వండే ఇడ్లీలు. ముందురోజు మా అమ్మ పంపితే తిన్నాను, అదే నోటికొచ్చింది. ఆ మాట మా ఇద్దరికే తెలుసు.

ఇంకేం దారి తోచక నూకరాజు ముందుకి వెళ్ళి అన్నాను. "పొట్టెక్కలు. విసర్జన్."

వాడు చక్రం వదిలేసి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఎండకి చూపు నిలవక పక్కకి చూస్తున్నాడనుకున్నాను. "ఇంత లేటయ్యిందేంటన్నా," అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ నన్ను ఏ ఆరో క్లాసు పిల్లాడూ అన్నా అని పిలవడు. అంతలోనే కూలిపోయాడు. వీర్రాజు ఎత్తుకుని పరిగెత్తాడు.

స్కూలు ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. అరచేతులు కాలాయి, జ్వరం వచ్చింది, ప్రాణానికేం ఫరవాలేదన్నారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమన్నారు.

మా ప్రిన్సిపాల్ గారు రిటైర్డ్ కల్నల్, తుని మనిషి. ఆ సాయంత్రమే వర్మ టీసీ టైపు చేయించారు. బుధవారం విచారణ, ఆలోపు నన్ను రిపోర్టు ఇమ్మన్నారు. ఆదివారం పొద్దున్నంతా గదిలో చదువుకుంటున్నానని వర్మ అంటాడు. చూసినవాళ్ళు లేరు. వర్మ ఒక్కడూ కూర్చుని చదువుకున్నాడంటే నేనైనా నమ్మను.

ఫిజిక్స్ మాస్టర్ని కాబట్టి ఒక్కోటీ తేల్చుకుందామనుకున్నాను. నంబరు ఫోటో కింద ఉంది, ఎవరైనా చూడొచ్చు. సరే. కొవ్వూరు మ్యాచ్ గురించి పాత స్కూలు పత్రికల్లో ఉందేమోనని లైబ్రరీలో దుమ్మంతా దులిపాను. ఓడిపోతున్న మ్యాచ్ వానకి ఆగిపోయింది, దాని గురించి ఎవరు రాస్తారు? లేదు. మిగిలింది రహస్య మాట. అది బయటికి పొక్కితే సుధాకర్ నుంచే పొక్కాలి.

సుధాకర్‌కి మండపేటలో మోటార్ వైండింగ్ షాపుంది. నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. బస్సులో అటు వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు చూసేవాణ్ణి, ఎప్పుడూ దిగలేదు. మంగళవారం సెలవు పెట్టి దిగాను. రైస్ మిల్లు మోటార్ల మధ్య పీట వేసుకుని రాగితీగ చుడుతున్నాడు. బొజ్జ, కళ్ళజోడు. నేను పేరు చెప్పకుండానే గుర్తుపట్టాడు.

"రండి రాంబాబు గారూ. కూర్చోండి. టీ చెప్తాను."

ఆదివారం జరిగిందంతా చెప్పాను. ఆ మాట ఎవరికైనా చెప్పారా అని అడిగాను. ఆయన తీగ పక్కన పెట్టాడు.

"ఎవరికి చెప్తానండీ? ఆసుపత్రిలో మా నాన్నగారు అడిగారు, ఎవర్రా నిలబెట్టిందని. చెప్పలేదు. మా ఆవిడక్కూడా తెలీదు. పేరు చెప్పకూడదన్నారు కదండీ మీరు."

ఎత్తిపొడుపుగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. నేను తల దించుకుని "తప్పయిపోయిందండీ" అన్నాను. ఆయన మళ్ళీ తీగ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ పిల్లాడెలా ఉన్నాడండీ ఇప్పుడు?"

"బాగానే ఉన్నాడు."

"మరి ఆ వర్మ?"

"రేపు టీసీ ఇచ్చేస్తారు."

"అతను చెయ్యలేదని మీకు తెలుసు కదండీ. మీరింకా చెప్పలేదా?" అని నా వంక చూశాడు. "టీ చల్లారిపోతోంది. తాగేసి బయల్దేరండి. చీకటి పడకుండా వెళ్ళిపోవచ్చు," అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ నా మీద నాకే పరమ చిరాకు పుట్టింది. నిజం చెబితే పిచ్చివాణ్ణంటారు. చెప్పకపోతే వర్మ పోతాడు. వాడంటే నాకు ఇష్టం కూడా లేదు. అయినా ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాశాను. సుధాకర్‌ని నిలబెట్టింది నేనేనని, ముప్పై ఏళ్ళు దాచానని, వర్మ మీద అనవసరంగా చెయ్యి చేసుకున్నానని, నూకరాజుని ఎవరు నిలబెట్టారో తెలియదు గానీ ఆ మాట తెలిసినవాళ్ళలో వర్మ లేడని.

ప్రిన్సిపాల్ గారు చదివి కాగితాలు బల్ల మీద పడేశారు. "ఏంటండీ రాంబాబు గారూ ఇది? ఫిజిక్స్ చెప్పే మనిషి రాయాల్సిన రిపోర్టేనా? వర్మ వాళ్ళ నాన్నగారు రొయ్యలేమైనా పంపారా మీ ఇంటికి?"

నేనేం చెప్పినా ఆయన నమ్మేలా లేరు. వర్మనీ వీర్రాజునీ వెంటబెట్టుకుని అందరం నూకరాజు మంచం దగ్గరికి వెళ్ళాం. వాడు చేతులకి కట్లతో దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను పక్కకి నిలబడ్డాను, నోరు మెదపలేదు.

"నిన్ను కాపలా పెట్టింది ఈ వర్మేనా బాబూ? భయపడకు, చెప్పు."

"కాదండి. వర్మన్న తర్వాత వచ్చాడండి. మాట తెలీలేదు, దెబ్బ తిన్నాడు."

"మరి నిన్ను దింపిందెవరు? రాంబాబు సారేనా?"

నూకరాజు నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "సార్ కాదండి. 212 అన్నే వచ్చాడు కదండీ. సార్ పక్కన నిలబడి అన్నే చెప్పాడు."

ప్రిన్సిపాల్ గారు వర్మ వైపు చూశారు. "రాంబాబు సారే చెప్పారు సార్. ఇంకెవరూ లేరు," అన్నాడు వర్మ. వీర్రాజూ అదే అన్నాడు. ఆ క్షణంలో వర్మ చెంప పట్టుకుని మా ఎదురుగా నిలబడి ఉన్నాడు. 212 ఎవరైనా గానీ వర్మ మాత్రం కాదని కల్నల్ గారికి కూడా అర్థమైంది.

"ఎలా ఉన్నాడ్రా ఆ అన్న?" అన్నారాయన, ఈసారి కాస్త మెల్లగా.

"సన్నగా ఉన్నాడండి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. మ్యాచ్ నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, అంతా తడిసిపోయి ఉన్నాడు. విసర్జన్ చెప్పేటప్పుడు ఏడుస్తున్నాడండి."

ఆయన టీసీ కాగితం అక్కడే చింపేశారు. వర్మ మీద చెయ్యి చేసుకున్నందుకు నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. ఫైల్లో "నిలబెట్టినవారు" అన్నచోట నిర్ధారణ కాలేదు అని రాసి మూసేశారు. వర్మకి క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్" అని వెళ్ళిపోయి, మరుసటి నెల ఇంటర్వ్యూకి రైలెక్కాడు.

నంబరు ఫోటోలో చూసి ఉండొచ్చు. ఎండకి నూకరాజుకి మతి చలించి ఉండొచ్చు. పొట్టెక్కలనే మాట, కొవ్వూరు మ్యాచ్ ఎలాగో బయటికి పొక్కాయనే అనుకుందాం. నా మనసుకి నచ్చజెప్పుకోవడానికి ఇవన్నీ చాలాసార్లు అనుకున్నాను.

కానీ ఆ సాయంత్రం లారీ వంతెన మీదికి వచ్చి సుధాకర్ గుర్తొచ్చినప్పుడు, తొట్టిలో వెనక మూల కూర్చుని నేను ఏడ్చాను. కుండపోత వాన. అందరం తడిసి ముద్దయి ఉన్నాం, నా మొహం మీదున్నది కన్నీళ్ళో వాననీళ్ళో పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియలేదు. ఆ సంగతి సుధాకర్‌కి చెప్పలేదు. నాలుగు పేజీల రిపోర్టులో రాయలేదు. నూకరాజుకి ఎలా తెలిసిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.